పసుపు కింది దెబ్బలు

2022, వానాకాలం చివరి రోజులు. బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల వెనక, ఓ పాత మేడ కింది రెండు గదుల్లో మా న్యాయ సహాయ కేంద్రం. అక్కడ నేను పారాలీగల్‌ని. అంటే వకీలును కాను. వకీలు కోర్టులో నిలబడే ముందు బాధితుడి మాట రాసుకోవడం, ఆసుపత్రికి తీసుకెళ్ళడం, కాగితాలు సమకూర్చడం నా పని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగిలినదంతా లైబ్రరీలో నేర్చుకున్నాను. ఫోరెన్సిక్ మెడిసిన్, అంటే కోర్టు కోసం గాయాలను పరీక్షించే వైద్యశాస్త్రం మీద ఓ లావుపాటి పుస్తకాన్ని ఏడాది పాటు డిక్షనరీ పక్కన పెట్టుకుని పూర్తి చేశాను. అందుకు నాకు గర్వంగానే ఉంటుంది.

ఒక ఉదయం సింహాచలం వచ్చాడు. మాలాగే ఇక్కడికి వలస వచ్చిన తెలుగువాడు, కార్పొరేషన్‌లో చెత్త ఎత్తే కాంట్రాక్టు పనివాడు, మా క్వార్టర్స్‌లోనే ఉంటాడు. భార్య పైడమ్మ భుజం పట్టుకుని పాదాల అంచుల మీద నడుస్తున్నాడు. రాగి తీగ దొంగిలించాడన్న అనుమానంతో అతన్ని స్టేషన్‌కు తీసుకెళ్ళారు. అరెస్టని ఎక్కడా రాయకుండా రెండు రోజులు ఉంచి, అరికాళ్ళ మీద లాఠీలతో కొట్టి, ముందురోజు సాయంత్రం వదిలేశారు.

"కేసొద్దప్పా. రేపు మల్లీ అట్టుకుపోతే?" అన్నాడు. మా వాళ్ళకు అప్ప అంటే అక్క.

"మల్లీ అట్టుకుపోకుండా ఉండాలనే కేసు," అంది పైడమ్మ. "రోజూ మేస్త్రీ మీద లేసే నోరు ఇక్కడ పడిపోయిందేటి?"

మా వకీలు ఫోన్లో ఒకటే మాట చెప్పారు: ఇవాళే ఇంజురీ రిపోర్ట్ కావాలి. ప్రభుత్వ డాక్టరు గాయాన్ని చూసి, కొలిచి, దాని రంగు, వయసు రాసిచ్చే కాగితం అది. స్టేషన్ డైరీలో సింహాచలం పేరే లేదు. ఆ రెండు రోజులకూ ఆ దెబ్బలే సాక్ష్యం.

ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఓ కుర్ర డాక్టరు సింహాచలం పాదాలు ఎత్తి చూశాడు. "పచ్చబడిపోయాయి. వారం పైబడిన దెబ్బలు," అంటూ కలం తీశాడు.

ఆ వాక్యం కాగితం మీద పడితే కేసు అక్కడితో సరి. వారం కిందట ఎక్కడో పడ్డాడని పోలీసులు తేలిగ్గా అనేస్తారు. నేనూ వంగి చూశాను. నిజంగానే పచ్చగా ఉన్నాయి. కమిలిన చోటు ముందు ఎర్రగా, తర్వాత నీలంగా మారుతుందనీ, కొన్ని రోజులకు గానీ పచ్చబడదనీ నేను చదివాను. ఒక్క క్షణం సింహాచలాన్నే అనుమానించాను. అప్పుడు పైడమ్మ గోళ్ళు కనిపించాయి. అవీ పచ్చగానే ఉన్నాయి.

"నిన్న ఇంటికొచ్చాక ఏం చేశావు పైడమ్మా?"

"ఏటి సేత్తాను? టేసన్ నుంచొచ్చినోడిని అలాగే లోపలికి రానిత్తామా? గుమ్మం బయటే నీల్లోసినాను. ఆవనూనిలో పసుపు కాసి కాల్లకి పట్టించినాను. రగతం అంటిన సొక్కా ఉతికేసినాను."

మా క్వార్టర్స్‌లో అది ఆనవాయితీ. శ్మశానం నుంచి వచ్చినవాడికి పోసినట్టే, స్టేషన్ నుంచి వచ్చినవాడికీ గుమ్మం బయట నీళ్ళు పోస్తారు. అలా చొక్కా మీది సాక్ష్యం పోయింది. మిగిలినవి పాదాలు.

"డాక్టర్‌బాబూ, ఆగండి. ముందు స్పిరిట్‌తో తుడవండి," అన్నాను బెంగాలీలో.

"మీరూ డాక్టరేనా దీదీ?"

"కాదు. కానీ మీ పుస్తకం చదివాను. అందులో పసుపు పట్టించిన కాళ్ళ గురించి లేదు."

అతను నవ్వి దూది అందుకున్నాడు. మొదటి ముద్ద ముదురు పసుపైంది.

"మండుతోంది దాదా!" అని సింహాచలం అరిచాడు.

"మండనీ, ఓర్సుకో," అంది పైడమ్మ, కాలు కదలకుండా పట్టుకుని.

నాలుగో ముద్దకు అరికాలి వంపులో ఎరుపు, నీలం కలిసిన చారలు బయటపడ్డాయి. జంట గీతలు, మధ్యలో పాలిపోయిన చర్మం. గుండ్రటి కర్రతో కొడితే దెబ్బ అలా పడుతుంది. దాన్ని ట్రామ్‌లైన్ అంటారు. డాక్టరు నవ్వడం మానేశాడు. స్కేలు తీసి ఒక్కో చారనూ కొలిచాడు.

"రంగును బట్టి ఫలానా రోజని చెప్పలేను. కొత్త దెబ్బలని మాత్రం రాస్తాను," అన్నాడు.

"పసుపు తుడిచాక కనిపించాయని కూడా రాయండి," అన్నాను. రాశాడు.

సింహాచలం వారం కిందట చెత్త బండి మీంచి పడ్డాడని కోర్టులో పోలీసుల తరఫు వకీలు వాదించాడు. మెజిస్ట్రేట్ రిపోర్టు రెండుసార్లు చదివి, కొట్టిందెవరని సింహాచలాన్నే అడిగారు. కేసే వద్దన్న మనిషి గొంతు తడబడకుండా ఇద్దరి పేర్లు చెప్పాడు. విచారణకు ఆర్డరు వచ్చింది. అది ఇంకా నడుస్తోంది. అతన్ని మళ్ళీ ఎవరూ పట్టుకుపోలేదు.

బయటికొచ్చాక పైడమ్మ అడిగింది: "అయితే నాను పసుపెట్టడం తప్పేనా అప్పా?"

"తప్పు కాదు. ముందు డాక్టరుకు చూపించి, ఆ తర్వాత నీ వైద్యం చెయ్యి."

గాయాన్ని ఎలా చూడాలో పుస్తకం నాకు నేర్పింది. ఆ గాయం మా ముందుకొచ్చేలోపు ఏ చేతులు దాటి వచ్చిందో అడగాలని ఈ కేసు నేర్పింది. ఇప్పుడు ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న అదే.

కొన్ని నెలల తర్వాత అదే క్వార్టర్స్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మా తమ్ముడిని టేసన్ నుంచి ఒగ్గేసినారప్పా. గుమ్మం బయటే కూకోబెట్టినాం. పైడమ్మ సుక్క నీరు పోయనిత్తే కదా! బేగి రా."