ఏసుదానం బిగించిన క్లాంపు

కరెంటు తీగకు క్లాంపు తగిలించడంలో లైన్‌మన్ ఏసుదానానికి పట్టింపులెక్కువ. పొడవాటి ఫైబర్ కర్ర చివర ఇనుప బ్రష్షు కట్టి, తీగ మీది నల్లటి పొర పోయి తెల్లగా మెరిసేదాకా రుద్దందే క్లాంపు ముట్టడు. తర్వాత దాన్ని తీగకు తగిలించి, కింద నుంచే కర్ర తిప్పుతూ, మర సరిగ్గా పట్టిందో లేదో అరచేతితో తెలుసుకుంటాడు. భాలుబాసా బస్తీలో తాముండే సందుకి కరెంటిచ్చే క్లాంపునీ పద్దెనిమిదేళ్ల కిందట అలాగే బిగించాడు.

ఇప్పుడా సందులో ఇళ్లు కూల్చేస్తారట. ముందుగా కరెంటు తీసెయ్యమని పంపింది ఏసుదానం గ్యాంగునే. భుజం నొప్పని చెప్పి అతను పక్కన నిలబడ్డాడు. ఫ్యూజులు దించి, ఇద్దరు లైన్‌మన్లు మార్చి మార్చి కర్ర తిప్పినా క్లాంపు కదల్లేదు.

"ఛోడో, సోమవారం చూద్దాం. ఫ్యూజులు మళ్లీ పెట్టెయ్యండి," అన్నాడు సూపర్‌వైజర్. "ఎవడో చేతకానోడు మర తప్పించి బిగించాడు."

ఏసుదానానికి ఒళ్లు మండిపోయింది.

"మర తప్పడవేటి? ఇలా తే!" అని కర్ర లాక్కున్నాడు. నాలుగు తిప్పులకే క్లాంపు ఊడొచ్చింది. అది పట్టుకున్న చోట తీగ ఇంకా తెల్లగా మెరుస్తోంది. చూడమని చెయ్యి చూపించాడు. అప్పటికే అందరూ జీపెక్కుతున్నారు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న భార్య జయకుమారి, ఆగిపోయిన ఫ్యాను వంక ఓసారి చూసింది.

"సోమారం దాకా ఉంచీసీవోళ్లు కదా. నువ్వే తీసీసేవేటి?"

"ఇంకెవుడికీ రాలేదే," అన్నాడు ఏసుదానం.