ఉప్పెక్కువైన అంబలి

నా చిన్నప్పుడు ఒక పొద్దున్న మా నాన్న, నాయనమ్మ కాచిన చోడి అంబలి ఒక్క గుక్క తాగి గిన్నె పక్కన పెట్టేశారు.

“ఏటమ్మా, ఉప్పు గుమ్మరించీసినావేటి?”

“పుట్టినకాడ్నించి నా సేతి ఉప్పే తిన్నావు. ఇయాల ఎక్కువైపోనాదా?” అంది నాయనమ్మ.

“నాను తాగలేను. నీ కోడల్ని కాయమను.”

పెరటి గుమ్మంలో కూర్చున్న అమ్మ తల ఎత్తలేదు. నేను ఆ గిన్నెలోంచి ఓ గుక్క తాగి చూశాను. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ మాట అనబోతే నాన్న నా మోకాలు గట్టిగా నొక్కారు.

అప్పట్లో మేం కూర్మన్నపాలెంలో అద్దెకుండేవాళ్ళం. నాన్న డ్యూటీకి వెళ్తూ సైకిలు మీంచి పడితే తొడ ఎముక విరిగింది. కట్టు విప్పాక మళ్ళీ నడక నేర్చుకోవలసి వచ్చింది. వ్యాయామం చేయించడానికి పొద్దున్నే ఒకతను వచ్చేవాడు. గోడ పట్టుకుని రెండడుగులు వేసేసరికి నాన్న చెమటతో తడిసిపోయేవారు. “ఒంట్లో బలం లేదమ్మా, బాగా పెట్టండి” అని అతను చెప్పి వెళ్ళేవాడు.

చోళ్ళు, అంటే రాగులు, పల్లెటూరి తిండని, జబ్బుమనిషికి గోధుమే బలమని మా వీధిలో అందరి నమ్మకం. చూడవచ్చినవాళ్ళు కూడా బ్రెడ్డే తెచ్చేవారు. సబ్బవరం నుంచి నాయనమ్మ పంపిన చోడిపిండి డబ్బాను అమ్మ అటకెక్కించి, రోజూ గోధుమరవ్వ జావ కాచి పక్కన కూర్చుని తాగించేది. ఆయన చిక్కిపోయేకొద్దీ ఇంకో గరిటె ఎక్కువ పోసేది. చివరికి పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, ఈయన పేగులకు గోధుమ పడదని, తిన్నది ఒంటికి పట్టకపోవడానికి అదే కారణమని, ఇక జన్మలో ముట్టకూడదని చెప్పారు.

ఆ రోజు నుంచి అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళడం మానేసింది. నాయనమ్మ వచ్చి వంట చేపట్టింది. నీ తప్పేముందని ఎవరు ఓదార్చినా అమ్మ ఇంకా ముడుచుకుపోయేది. నాన్న మాత్రం ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఆ పొద్దున్న అంబలిలో ఉప్పెక్కువైందన్నారు, అంతే.

“నాను సెయ్యనత్తా. నా సేత్తో పెట్టిందే ఆయన్ని కూలదోసీసింది,” అంది అమ్మ.

కొడుకు ఎత్తు నాయనమ్మకి అప్పటికి అర్థమైనట్టుంది. “అయితే పస్తుండమను! సొట్టకాలేసుకుని నా వంటకి వంకలెడతన్నాడు,” అని విసురుగా లేచి, గరిటె అమ్మ ఒళ్ళో పడేసి వీధిలోకి వెళ్ళిపోయింది.

వ్యాయామం అతను వచ్చే వేళవుతోంది. నాన్న ఆకలితో అలాగే కూర్చున్నారు. అమ్మ గరిటె పట్టుకుని లేచింది. గిన్నె తోమింది, మళ్ళీ తోమింది. పిండి ఉండ కట్టకుండా కలియబెట్టింది. నాన్న అంబలి మొత్తం తాగేసి, “ఇంకొంచెం పొయ్యవే,” అన్నారు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా నాన్న ఖాళీ గిన్నె చాపి పట్టుకునే ఉన్నారు.

ఆ తరవాత మా ఇంట పొద్దుటి తిండంటే చోడి అంబలి, బియ్యపురవ్వతో దిబ్బరొట్టె. పూరీ మీద మనసైతే పిల్లలం జంక్షన్ హోటల్లో తిని, చేతులు కడుక్కుని ఇంటికి రావాలి. నాన్నకి తిండి ఒంటికి పట్టింది, డ్యూటీకీ వెళ్ళారు. కాని నడకలో కుడిపక్కకి ఒరుగు మాత్రం ఆయన పోయేవరకూ అలాగే ఉంది.

తప్పు చేశానని కుమిలేవాళ్ళకు నేను ఊరడింపులు చెప్పను. చేతికి ఏదో ఒక పని అందిస్తాను. ఇప్పుడు అమ్మకి అంబలి కాచేది నేనే. గిన్నె అందుకుంటూ ఆవిడ అప్పుడప్పుడూ అడుగుతుంది: “గోదుమ ముందే మానిపించుంటే ఆ కాలు సక్కగా అతికేదేటి?”

ఆ మాట డాక్టరుని అమ్మ అడగలేదు. నాన్నా అడగలేదు.