ఆంప్లిఫయరు కొందామని నేను కామారెడ్డి పోయిన వైనం

ఇంకొంచెం ఇటు జరగండి. చాప పెద్దదే, అందరికీ చోటుంటుంది. చేతిలో పనేదైనా ఉంటే తెచ్చుకోండి, చేతులు ఆడుతుంటే చెవులు బాగా వింటాయి. ఈ ముచ్చటలో నా పరువు పోతుంది. ఏదో కాస్త కాదు. ఎల్లారెడ్డిలో మా వాకిట్లో మొదలై, కామారెడ్డి స్టేషన్ రోడ్డు దాకా నడిచి పోతుంది. పోగొట్టింది ఎవరో శత్రువులు అనుకునేరు. అంతా నా సొంత తెలివే, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

అప్పటికి నాకు పెళ్ళై మూడేళ్ళు. మా ఆయన మస్కట్‌లో కట్టడం పనికి పోయి ఏడాది. నేను చదివింది రెండో తరగతి, అదీ వానాకాలం మాత్రమే. ఆయన చదువూ అంతే. అందుకని ఆయన ఉత్తరం అక్కడ ఎవరో రాసేవారు, ఇక్కడ ఎవరో చదివేవారు. చదివేటప్పుడు మా అత్త, పక్కింటి కిష్టవ్వ, బీడీలు చేయడానికి వచ్చిన ఆడవాళ్ళు అందరూ చుట్టూ కూర్చునేవారు. మొగుడు పెళ్ళానికి రాసిన ఉత్తరం ఊరి చావడిలో దండోరా వేసినట్టుండేది. పాపం ఆయన మాత్రం ఏం రాయిస్తాడు? "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, బర్రె ఈనిందా?" అంతే. ఏడాదంతా నా కాపురం ఆ బర్రె చుట్టే తిరిగింది.

ఒకరోజు గాంధారి మనిషి ఒకాయన మస్కట్ నుంచి దిగి, మా ఇంటికి ఒక సంచి తెచ్చాడు. అందులో టేపు రికార్డరు, ఒక క్యాసెట్టు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. హెడ్‌ఫోన్లంటే ఆషామాషీవి కావు. రెండు పక్కలా రెండు మెత్తటి దిండ్లు, నడుమ ఇనుప పట్టీ. పెట్టుకుంటే నాగలికి కట్టిన ఎద్దులా ఉన్నానని కిష్టవ్వ అంది. అసూయ అనుకున్నాను.

"క్యాసెట్టు ఒక పక్క ఇంటిల్లిపాదికీ అట" అన్నాడు గాంధారాయన. "రెండో పక్క నీ ఒక్కదానికేనట, చెల్లె. ఇది చెవులకు పెట్టుకొని, దీని తీగ ఆ డబ్బా పక్కకున్న బొక్కల పెట్టి ఇనుమన్నడు."

ఆయన చాయ్ తాగి పోయాడు. డబ్బా పక్కన చూస్తే బెజ్జాలు రెండున్నాయి. రెండింటి కిందా ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. నాకు తెలుగు అక్షరాలే ఎదురొస్తే పక్కకు తప్పుకుంటాయి, ఇంక ఇంగ్లీషు ఎక్కడ! తీగను మొదటి బెజ్జంలో పెట్టాను. టక్కున పట్టింది. పట్టిందంటే అదే కదా దాని ఇల్లు? అడగడానికి ఇంకేముంది? అదీ నా విద్వత్తు.

రెండో పక్క వేశాను. మా ఆయన గొంతు వినిపించింది, కానీ ఎక్కడో మంజీర అవతలి ఒడ్డు నుంచి పిలుస్తున్నట్టు. "ఓ బుజ్జిపిట్టా..." అంటున్నాడు. నన్నే! మూడేళ్ళలో ఇంట్లో నన్ను "ఏమే" అని తప్ప పిలవని మనిషి! సిగ్గుతో చచ్చిపోయి, మాట సరిగ్గా వినబడక, పక్కనున్న చక్రాన్ని చివరిదాకా తిప్పేశాను. కొంచెం నయం.

చుట్టూ అత్త, కిష్టవ్వ, మరో నలుగురు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నేను వాళ్ళ నడుమ రాణీలా కూర్చుని, ఎవరికీ తెలియని నా మొగుడి ముచ్చట నేనొక్కదాన్నే వింటున్నాను. లోపలికి పోబోతే మా అత్తే ఆపింది. "లోపల ఉబ్బ పోస్తుంది బిడ్డా, గీడనే గాలికి కూసొని ఇను" అంది. ఎంత మంచి అత్త! నాకు ఒక నియమం కూడా ఉండేది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాకే మీట నొక్కాలి, మీట ఆపాకే తీయాలి. నడుమలో తీస్తే మాటలు బయటికి కారిపోతాయని నా భయం. మడి కట్టుకున్నవాళ్ళు కూడా అంత నిష్ఠగా ఉండరు.

కానీ ఆ చప్పుడు చాలలేదు. మస్కట్‌లో మా ఆయన్ని ఎవరో మోసం చేశారని తీర్మానించాను. ఎల్లారెడ్డి అంగడిలో ఇంకోటి కొన్నాను. సన్నని తీగకు రెండు స్పాంజి బిళ్ళలు అంటించిన బక్కప్రాణం అది. పెట్టి చూస్తే, ఆశ్చర్యం! మస్కట్‌దానికంటే బాగా వినబడింది. వారం తిరక్కుండా ఒక బిళ్ళ ఊడిపోయింది. ఇంకా బాగా వినబడింది!

"చూసినవా కిష్టక్కా, విరిగిన కొద్దీ మంచిగ పనిచేస్తుంది!"

"ఇంకో బిళ్ళ సుత ఊడపీకు" అంది కిష్టవ్వ, ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా. "రెండు చెవులల్ల మోగుతది."

ఎల్లారెడ్డిలో హెడ్‌ఫోన్ల మీద అంత పరిశోధన చేసినది నేనొక్కదాన్నే. మెత్తటిది పనికిరాదు, పలచటిది మేలు, విరిగింది మహా మేలు. అడిగినవాళ్ళకు చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు.

ఆ రోజుల్లో మా ఇంట్లో కొన్ని వింతలు జరిగాయి. చెబుతాను, మీరు నాకంటే తెలివైనవాళ్ళు, నవ్వకండి. టేపులో ఆయన, "అవ్వకు మోకాళ్ళ నొప్పులు, నీళ్ళు మొయ్యనియ్యకు, నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మా అత్త రెండు బిందెలు ఎత్తుకుని వచ్చి నా ముందు దించింది. "నా మోకాళ్ళకేమైంది? రాళ్ళలెక్క ఉన్నయి" అంది. నేను అడగనే లేదు! ఇంకోసారి ఆయన మక్కగారెలు యాదికొస్తున్నాయన్నాడు. ఆ సాయంత్రమే అత్త మక్కజొన్నలు రుబ్బింది. ఈమెకు ఏదో దైవశక్తి ఉందనుకున్నాను. కిష్టవ్వ మేక ఈనితే, పిల్లకు బుజ్జిపిట్ట అని పేరు పెట్టింది. అంత అరుదైన పేరు ఆమెకు ఎలా తోచిందా అని మురిసిపోయాను కూడా.

మూడో క్యాసెట్టు వచ్చేసరికి ఆ బక్కప్రాణం పూర్తిగా విరిగిపోయింది, మళ్ళీ మెత్తటి మస్కట్‌వే గతి; అందులో ఆయన గొంతు నీరసంగా ఉంది. "పది దినాలు జరం పట్టింది, ఇప్పుడు మంచిగైంది, అవ్వకు చెప్పకు, బెంగపడతది" అన్నాడు. తర్వాత ఇంకేదో అన్నాడు, అది వినబడనే లేదు. ముందుకు తిప్పీ వెనక్కు తిప్పీ వింటే, "మళ్ళ" అన్న మాట ఒకటి దొరికింది. మళ్ళీ జ్వరం వచ్చిందా? మళ్ళీ ఆస్పత్రికి పోయాడా? నా మనసు ఆగలేదు. అత్త ముఖం చూస్తే ఆమె అన్నం ముందు కూర్చుని వేళ్ళతో కలుపుతోందే తప్ప నోట్లో పెట్టడం లేదు. "ఏమైందత్తా?" అంటే, "కారమెక్కువైంది" అంది. ఆ పూట ఇంట్లో వండింది పెరుగన్నం.

ఇక లాభం లేదు, ఆంప్లిఫయరు కొనాలి అనుకున్నాను. పెళ్ళిళ్ళలో చూశానుగా, సన్నాయి గొంతును ఊరవతలి దాకా పంపించే డబ్బా. దాన్ని నా టేపుకు తగిలిస్తే ఆ ఒక్క మాట తేలిపోతుంది. ఆ సంగతి చెప్పగానే మా అత్త చేతిలోని చాట కింద పెట్టింది.

"గదెందుకు బిడ్డా? సప్పుడు గట్టిగనే వస్తుంది గదా!"

"నీకేం ఎర్క అత్తా? చెవులకు పెట్టుకునేది నేను గదా!"

అత్త కిష్టవ్వ వైపు చూసింది. కిష్టవ్వ దగ్గింది. "అంటే... గట్టిగ వస్తుందేమో అని అంటుంది మీ అత్త."

"రాదు! ఒక్క నాకు ఇనబడితే చాలు, ఊరికి ఇనిపిద్దామని కాదు గదా!" అన్నాను. నలుగురూ ఒక్కసారిగా పొగాకు పొడి ముక్కులోకి పోయినట్టు తుమ్మారు.

అమ్ముదామని నా కాలి కడియాలు కొంగున కట్టుకుని, టేపు, క్యాసెట్లు, హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకుని బయలుదేరాను. అది చూసి అత్త ముఖం పాలిపోయింది. "కిష్టీ, నువ్వు గూడ పో, ఒక్కతె పోతుంది" అంది. బస్సులో లింగంపేట దాటాక కిష్టవ్వ మొదలుపెట్టింది. "ఎందుకే లచ్చవ్వా, ఉత్తగ కడియాలు తగలేస్తవు? ఉన్నది చాలదా?" తాడ్వాయి దగ్గర మళ్ళీ అంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నా కష్టం ఈమెకేం తెలుసులే అనుకున్నాను.

స్టేషన్ రోడ్డులో కరీం సాబ్ రేడియోల దుకాణం. తెల్ల గడ్డం, ముక్కు మీద కళ్ళజోడు. దుకాణంలో రాజంపేట రైతొకడు టార్చి బేరం చేస్తున్నాడు.

"సాబ్, పెద్ద ఆంప్లిఫయరొకటి కావాలె. దీంట్ల సప్పుడే వస్తలేదు."

"ముందుగాల పెట్టి చూపెట్టు బేటీ."

మెత్తటి మస్కట్ హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తీగను దాని ఇంట్లో పెట్టి, మీట నొక్కాను. చక్రం ఎప్పటిలా చివరిదాకా ఉంది. కరీం సాబ్ రేడియో తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. రాజంపేట రైతు టార్చి వదిలేసి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రోడ్డు మీద పోయే ఇద్దరు వెనక్కి వచ్చారు. కిష్టవ్వ గోడవైపు తిరిగి నిల్చుంది.

"ఇన్నరా సాబ్, ఎంత సన్నగొస్తుందో!" అని అరిచాను.

ఆయన వచ్చి మీట ఆపాడు. గొంతు సవరించుకున్నాడు. "మీ ఇంటాయన మక్కగారెల మీద మస్తు పానం పెట్టుకున్నడు బేటీ."

"నీకెట్ల తెలుసు సాబ్?"

ఆయన తీగను మొదటి బెజ్జంలోంచి పీకి, పక్క బెజ్జంలో పెట్టి, మళ్ళీ మీట నొక్కాడు. అమ్మో! నాలుగు నెలలుగా మంజీర అవతల ఉన్న మా ఆయన ఒక్క దూకులో నా పుర్రెలోకి వచ్చి అరిచాడు. నేను ఎగిరి రేడియోల మీద పడ్డాను.

"ఇది ఇనెటందుకు" అన్నాడు కరీం సాబ్, నన్ను లేపి, చక్రం తగ్గించి. "నువ్వు పెట్టింది మైకు పెట్టే బొక్క. అండ్ల పెడితే టేపు బయట్నే మోగుతది. ఇవి మంచి సామాన్ బేటీ, మెత్తలు మందం, బయటి సప్పుడు లోపలికి రానియ్యవు. అందుకే నీకొక్కదానికే ఇనబడలేదు. ఆంప్లిఫయర్ వద్దు, ఏమొద్దు. ఇంటికి పో."

నాకొక్కదానికే! ఆ మాట అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మోకాళ్ళు, మక్కగారెలు, మేకపిల్ల, అన్నీ వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి.

"కిష్టక్కా! నీకు ఎర్కనా?"

"ఎర్క లేకేంది? వాడకట్టంతకు ఎర్కనే. మీ అత్త అందరితోటి ఒట్టేయించుకుంది."

చిన్నగా తిప్పి ఆ మూడో క్యాసెట్టు అక్కడే విన్నాను. వినబడని ఆ మాట ఇప్పుడు చక్కగా వినబడింది: "మళ్ళ పనికి పోతున్న." అంతే. నా కడియాలు కొంగులోనే కిలకిల నవ్వాయి. తిరుగు బస్సులో కిష్టవ్వ ఒకే ఒక్క మాట అంది. "బుజ్జిపిట్టా, ఆ కిటికీ ఏసుకో, దుమ్మొస్తుంది."

ఇంటికి వచ్చి చాటల నడుమ నా చోటులో కూర్చుని, తీగను రెండో బెజ్జంలో పెట్టి, మీట నొక్కాను. బయటికి చిన్న చప్పుడు కూడా రాలేదు. బీడీలు చుట్టే వేళ్ళు ఒక్కొక్కటే ఆగాయి. అత్త నెమ్మదిగా జరిగి జరిగి టేపు పక్కకు వచ్చి, పడిపోయిన సూది వెతుకుతున్నట్టు దాని మీదికి వంగింది. నేను ఆపి, హెడ్‌ఫోన్లు తీశాను.

"బ్యాటరీలు అయిపోయినయా బిడ్డా?"

"లేదత్తా. ఇయ్యాల బ్రహ్మాండంగ ఇనబడుతుంది."

అత్త దారం పోగు వేలికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత అంది కదా, "ఆ ఆంప్లిఫయర్ ఏందో తెచ్చుకోకపోయినవ్? మంచిగుంటది గదా, పాపం."

కిష్టవ్వ చాట బోర్లా పడింది. అందరూ నవ్వుతుంటే అత్తకు తెలిసిపోయింది, నాకు తెలిసిపోయిందని. తల దించుకుంది. "అందరి కోసమున్న ఆ పక్కంత మంచిగున్న, మంచిగున్న అంటడే బిడ్డా" అంది. "నా కొడుకు ఎట్లున్నడో ఈ పక్కన్నే చెప్తడు."

నేనేం చేయాలి, మీరే చెప్పండి? తీగను పీకి, దాని పాత ఇంట్లో పెట్టాను. చక్రం చివరిదాకా తిప్పాను. మెత్తటి హెడ్‌ఫోన్లు చెవులకు గట్టిగా తగిలించుకుని, ఏమీ తెలియనిదానిలా మీట నొక్కాను.

జరిగినదంతా తర్వాతి క్యాసెట్టులో ఆయనకు చెప్పి పంపాను. జవాబు వచ్చింది. నా ఒక్కదాని పక్క ఇలా మొదలైంది: "అవ్వా, నీ మోకాళ్ళెట్లున్నయి? కిష్టక్కా, మేకపిల్ల మంచిగుందా? అందరు మంచిగున్నరా?" ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించి, "ఓ బుజ్జి..." అనేసరికి టేపు అయిపోయింది.

ఆనాడు తులసి గద్దె మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాను: రెండు బెజ్జాలున్న ఏ వస్తువు జోలికీ ఈ జన్మలో పోను, సూదికి ఒకటే బెజ్జం, అది నాకు చాలు. ఇక లేవండి, పొద్దు గుంకుతోంది. మీ ఇంట్లో పొయ్యి వెచ్చగా, గాదె బరువుగా ఉండాలి. మీవాళ్ళు ఎంత దూరాన ఉన్నా వాళ్ళ గొంతు మీ వాకిట్లో నిండుగా వినబడాలి, చాటలు పట్టుకున్న అందరికీ.