ఆగిన బస్సుకు ఒక్క బెల్లు

మా అన్నయ్య బస్సు డ్రైవరు. వదిన అదే బస్సులో కండక్టరు. ఈ మాట చెప్పగానే జనం మొహాలు విప్పారేవి. "చిలకాగోరింకల్లా రోజంతా ఒకే బండిలోనా! అదృష్టవంతులు" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆయన ముందు అద్దం దగ్గర, ఆవిడ వెనక తలుపు దగ్గర, మధ్యలో కిక్కిరిసిన జనం. ఇద్దరినీ కలిపేది ఒక్క తాడు. వదిన దాన్ని ఒకసారి లాగితే ఆగమని, రెండుసార్లు లాగితే పొమ్మని. ఏళ్ళ తరబడి వాళ్ళ కాపురం ఆ బెల్లు మీదే నడిచింది.

ఒకప్పుడు వదిన నోటికి తాళం ఉండేది కాదు. చిన్న టిక్కెట్టుకు పెద్ద నోటు చాపినవాడిని "బ్యాంకు అవతల వీధిలో ఉంది బాబూ, ఇది బస్సు" అనేది. మెట్ల మీద వేలాడే కుర్రాళ్ళతో "లోపలికి రండి నాయనా, మీ అమ్మలకి నేను జవాబు చెప్పుకోలేను" అనేది. బస్సంతా నవ్వేది. బెల్లు కొట్టడంలోనూ ఆవిడకో తీరుంది. పొమ్మనే బెల్లులో మొదటిది గట్టిగా, రెండోది మెత్తగా. కోపమొచ్చిన రోజు రెండూ గట్టిగానే. "పొద్దున కూరలో ఉప్పు ఎక్కువైందన్నానే, సాయంత్రానికి నా చెవులు చిల్లులు పడ్డాయి" అని అన్నయ్య నాతో చెప్పుకుని నవ్వేవాడు.

తర్వాత వాళ్ళ పాప పోయింది.

ఆ రోజు పాపకు జ్వరంగా ఉందని నా దగ్గర వదిలి డ్యూటీకి వెళ్ళారు. మధ్యాహ్నం ఫిట్స్ వస్తే ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాను. వాళ్ళ బస్సు దారిలో వేళలు రాసుకునే టైమ్‌కీపరుకు ఫోన్ చేశాను. అతను బస్సు రాగానే ముందుకెళ్ళి అన్నయ్యకు చెప్పాడు, వెనక్కెళ్ళి వదినకు చెప్పాడు. బస్సు ఆగే ఉంది. వదిన ఒక్క బెల్లు కొడితే ఇంజను ఆపేసి దిగుదామని అన్నయ్య చూశాడు. ఆయన ఇంజను ఆపితే దిగుదామని వదిన చూసింది. జనం "పోనివ్వండి, పోనివ్వండి" అని గోల పెట్టారు. అలవాటుకొద్దీ ఆవిడ చెయ్యి తాడును రెండుసార్లు లాగింది. అలవాటుకొద్దీ ఆయన కాలు క్లచ్చు తొక్కింది. ఆఖరి స్టాపు దాకా పోయి, బండి అప్పగించి, ఆసుపత్రికి వచ్చేసరికి పాప లేదు.

"ఆవిడ కొట్టింది, నేను తోలాను" అని అన్నయ్య నాతో అన్నాడు. "ఆయన ఆపలేదు, నేను కొట్టాను" అని వదిన నాతో అంది. ఒకరితో ఒకరు మాత్రం అనుకోలేదు. నోరు ఆగని మనిషినని నాకు పేరు. ఆ రెండు మాటల్నీ మాత్రం అటు నుంచి ఇటు మొయ్యలేకపోయాను.

వదిన ఏడవలేదు. "ఏడుపు రావట్లేదే. కాలు తిమ్మిరెక్కితే ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది" అని ఒకసారి అంది. ఆ ఇంట్లో పోట్లాటలు కూడా లేవు. ఎడ్డెమంటే తెడ్డెమనే మొగుడూపెళ్ళాలు నయం, కనీసం చప్పుడైనా ఉంటుంది. ఇక్కడ "తాళం తీసుకున్నారా", "కూర మూతపెట్టాను", అంతే. బస్సులో బెల్లు రెండుసార్లూ ఒకేలా మోగేది, గట్టిగానూ కాదు, మెత్తగానూ కాదు.

పాప పోయిన నాలుగో ఏడు చలికాలంలో వదిన డిపోలో అడిగి వేరే రూటుకు బదిలీ రాయించుకుంది. అక్కడే గది కూడా చూసుకుంది. విడిపోదామని ఎవరూ అనలేదు. "డ్యూటీకి దగ్గరవుతుంది" అంది. "సరే" అన్నాడు. కాస్త అడ్డుపడరాదా అని నేను అన్నయ్య మీద విరుచుకుపడ్డాను. ఆయన ఖాకీ చొక్కా తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే ఆకాశంలో గురుడూ శనీ దగ్గరవుతూ వచ్చాయి. కుట్టుపని ముగించుకుని నేనెక్కే సాయంత్రం బస్సు అన్నయ్యవాళ్ళదే. అది వంతెన దాటాక పడమటికి తిరుగుతుంది. ముందు అద్దంలో రెండు చుక్కలూ కనిపించేవి. రోజూ ఎక్కే లెక్కల మాష్టారు వాటిని అందరికీ చూపించేవాడు. నిన్నటికంటే ఇవాళ దగ్గరగా. నాకు వాటి మీద కూడా కోపం వచ్చింది. పైన ఎవరో దగ్గరైతే మాకేం ఒరిగింది?

అవి పూర్తిగా ఒకటైనట్టు కనిపించే సాయంత్రమే ఆ బండిలో వదిన ఆఖరి ట్రిప్పు. వంతెన దాటాక స్టాపులో మాష్టారు బతిమాలాడు. "డ్రైవరుగారూ, కాసేపు ఆపండి. మళ్ళీ ఇరవై ఏళ్ళకి గానీ కలవవు." జనమంతా ముందుకు వచ్చారు. ఆ తోపులాటలో వదిన కూడా వచ్చి అన్నయ్య సీటు పక్కన నిలబడింది. నేను అన్నయ్య వెనక సీట్లోనే ఉన్నాను.

"అంటుకుపోయాయే!" అన్నారెవరో.

"మన కంటికే. వాటి మధ్య కోట్ల మైళ్ళు" అన్నాడు మాష్టారు.

"శని పక్కన చేరాక గురుడి గతేంటో!" అన్నాడొక ముసలాయన. అందరూ నవ్వారు.

వదిన నవ్వలేదు. "పక్కన ఇంకొకటి ఉందని వాటికి తెలుసా మాష్టారూ?" అంది.

"వాటికేం తెలుస్తుందమ్మా!"

జనం సీట్లకు వెళ్ళారు. వెనక ఎవరో తొందరపడి తాడు రెండుసార్లు లాగారు. బస్సు కదల్లేదు.

"అది నీ బెల్లు కాదు" అన్నాడు అన్నయ్య, అద్దంలోకే చూస్తూ. "ఆ రోజు నువ్వు ఒక్కటి కొడతావని చూశాను" అన్నాడు.

వదిన సీటు కడ్డీ పట్టుకుంది. "నేను మీరు ఆపుతారని చూశాను" అంది.

ఆవిడ జనాన్ని తప్పించుకుంటూ వెనక్కి నడిచింది. బెల్లు మోగింది. ఒక్కసారే.

"ఆగిన బండికి ఆగమని కొడతావేంటమ్మా!" అన్నాడు ముసలాయన. బస్సంతా మళ్ళీ నవ్వింది.

అన్నయ్య తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెనక్కి చూశాను. వదిన తాడు వదల్లేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఆవిడ తుడుచుకోవట్లేదు. అది చూసి నవ్వులు ఆగిపోయాయి. పోనివ్వమని ఎవరూ అనలేదు.

చాలాసేపటికి బెల్లు రెండుసార్లు మోగింది. మొదటిది గట్టిగా, రెండోది మెత్తగా. బస్సు కదిలింది.

మర్నాడు అనుకున్నట్టే వదిన వెళ్ళిపోయింది. పెట్టె బరువుగా ఉందని అన్నయ్య స్టాండు దాకా మోశాడు.