శవాలకు నీళ్లుపోసే మాబున్ని

“బావిలో జారి పడింది. బిరీన కడిగి పంపు!” అని, చనిపోయిన పదహారేళ్ల దిల్షాద్‌ను చూపిస్తూ ఆ పిల్ల చిన్నాయన గద్దించాడు. శవాలకు స్నానం చేయించే మాబున్ని చెంబు బోర్లించింది.

“మెడ సుట్టూ తాడు వాత ఉండాదప్పా. పోలీసులొచ్చేదాకా గుడ్డ కప్పను.”

“కడిగేటోళ్లు సూసింది బయట చెప్పగూడదని తెలీదా?”

“ఆడబిడ్డ ఒంటి మచ్చలైతే దాస్తా. ఒకడు చేసిన పాపం యాడ దాసేది?”

గుంపులోంచి ఒక కుర్రాడు పోలీసులకు చెప్పడానికి సైకిలెక్కాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. జమ్మలమడుగు నుంచి పోలీసు జీపు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నీళ్లు మోస్తున్న పొరుగింటి దీవెనమ్మకు చీపురుపుల్లంత మాబున్నిని చూసి ఛాతీ ఉప్పొంగింది. ఏ శవాన్ని ముట్టబోయినా మాబున్ని ముందు గాజులు తీసేస్తుంది. పసిబిడ్డకు చూసినట్టు నీళ్ల వేడి మణికట్టు మీద చూస్తుంది. “పక్కకు తిరుగు తల్లీ” అని బతిమాలుతుంది. శవాన్ని పరీక్షకు ఎక్కించుకుని జీపు వెళ్లాక, మాబున్ని దీవెనమ్మ చెయ్యి పట్టుకుంది.

“అక్కా, ఆ చిన్నాయన నన్ను ఊరికే ఇడిసిపెట్టడు. నాకేమన్నా అయితే, నన్ను కడిగే కాడ నువ్వుండాల. సూసింది సూసినట్టు గట్టిగా చెప్పాల.”