ఆటో ఎక్కని ఫ్లాస్కు

2003 వానాకాలం. మచిలీపట్నంలో ఒక క్యాన్సర్ పరిశోధన ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటుగా నాకది రెండో ఏడు. ప్రయోగ ఫలితం చారలుగా కనిపించే జెల్ పొర ట్రేలో తేలుతోంది; అది నాతోపాటు అదే ప్రయోగం చేస్తున్న సునీతది. రేడియేషన్ ఇచ్చిన కణాల చారలు ఇవ్వనివాటికంటే నల్లగా ఉన్నాయి. నా జెల్‌లో అవి ఎప్పుడూ పలచబడేవి. మా ఇద్దరిలో ఒక్కరికే ఉద్యోగం పొడిగిస్తారు.

మేము చూసేది టెలోమియర్ సంగతి. చీర కొంగు పోగులు ఊడకుండా వేసిన ముడిలా అది క్రోమోజోమ్ చివర ఉంటుంది. కణం విడిపోయినప్పుడల్లా కాస్త అరుగుతుంది. చాలా క్యాన్సర్ కణాలు మాత్రం టెలోమరేజ్ అనే ఎంజైముతో దాన్ని మళ్లీ కట్టుకుంటాయి. రేడియేషన్ తగిలితే ఆ ఎంజైము తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది ప్రశ్న. చార ఎంత నల్లగా ఉంటే ఎంజైము అంత ఎక్కువ.

సునీత గుడివాడ నుంచి ప్యాసింజర్‌లో వచ్చేది. నాకంటే ఆరేళ్లు చిన్న. పిల్లల్లేరు, ఎంతసేపైనా ఉండగలదు. నాకు ఇంట్లో ఇద్దరమ్మాయిలు, ఐదింటికల్లా అవనిగడ్డ బస్సు ఎక్కాలి. ల్యాబు నడిపే డాక్టరు గారు ఆమె నోట్‌బుక్ తిరగేసి నవ్వితే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. చివరికి ఆమె దొంగ ఫలితాలు అల్లుతోందని నేనే ఆయనతో చెప్పాను. ఇద్దరం ఒకరి ఎదుట ఒకరు ప్రయోగం చేయాలన్నారు.

కణాలకు రేడియేషన్ ఇచ్చేది ఊరి అవతలి ఆస్పత్రి కోబాల్టు మెషిన్‌తో, రోగుల వంతు అయ్యాక. కణాలు పెంచే ఫ్లాస్కులు థర్మకోల్ పెట్టెలో పెట్టి ఆటోలో తీసుకెళ్లాలి. నేను సర్దుతుంటే సునీత ఆపింది.

"మీ కంట్రోల్ ఫ్లాస్కు ఆటో ఎక్కదా అక్కా?"

కంట్రోల్ అంటే రేడియేషన్ ఇవ్వనిది. దానికి అక్కడ పనేమిటన్నాను.

"మెషిన్ కింద పెట్టొద్దులెండి. కానీ ఆ కుదుపులూ, ఆ చల్లదనం దానికీ తగలాలిగా. మీది ఇంక్యుబేటర్‌లో వెచ్చగా పడుకుంటే, తేడా రేడియేషన్‌దో ఆటోదో ఎలా తెలుస్తుంది?"

ఆ రోజు నా కంట్రోల్ కూడా ఆటో ఎక్కింది. మూడో రోజు రేడియేషన్ ఇచ్చిన నా చారలూ ఆమెవాటిలాగే కంట్రోల్ కంటే నల్లగా వచ్చాయి; ఇన్నాళ్లూ వాటిని పలచబరిచింది ఆటో ప్రయాణమే. ఏడాది పని పోయింది. అప్పుడు కూడా ముందు కలిగింది సిగ్గు కాదు, ఇంత చిన్న విషయం ఆమెకే ఎందుకు తట్టిందన్న మంట. డాక్టరు గారి ముందే క్షమాపణ చెప్పాను. పోనీలే అక్కా అంది. అంత తేలిగ్గా అనగలిగినందుకూ అసూయ పడ్డాను.

పొడిగింపు ఆమెకే వచ్చింది. నేను ఆ నెలాఖరుకు మానేశాను. పోల్చదలచిన రెంటికీ ఒకే ప్రయాణం చేయించాలని పుస్తకంలో చదివే ఉన్నాను, పాటించలేదు.

నా జెల్ వచ్చిన సాయంత్రం ఇంటికి వెళ్లగానే పెద్దమ్మాయి, "అమ్మా, ఆ దొంగాంటీ దొరికిందా?" అని అడిగింది. ఆ పేరు నా నోటి నుంచే నేర్చుకుంది. మర్నాడు పొద్దున జడలు వేస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను: "ఆంటీ దొంగ కాదు. తప్పు చేసింది నేను. ఆమె మీద చాడీ చెప్పిందీ నేనే."