అరుగు ఎత్తు

కుప్పంలో మా అమ్మాయి ఇంట్లో మొన్న పైపు కారుతుంటే ప్లంబరు వచ్చి అతికించాడు. డబ్బా మూత తీయగానే ఆ జిగురుమందు వాసన గుప్పున వంటింటిదాకా వచ్చింది. తాలింపు మాడుతున్నా కదల్లేక అలాగే నిలబడిపోయాను. ఇంకొకరికైతే అది కంపు. నాకది గంగులప్పన్న వాసన.

మదనపల్లెలో గంగులప్పన్న ప్లాస్టిక్ షీట్లతో బల్లమీద పట్టే నమూనా కట్టడాలు చేసేవాడు. కట్టబోయే ఇళ్ళు, కల్యాణమండపాలు, అన్నీ అడుగుకు అర అంగుళం లెక్కన. అచ్చులు లేవు, కొని తెచ్చే ముక్కలు లేవు. షీటును బ్లేడుతో కోయడం, అంచులు నున్నగా రాయడం, కుంచెతో మందు పూసి అతికించడం, అంతే. టూత్‌బ్రష్షు పోచలు కిటికీ ఊచలయ్యేవి. కూల్‌డ్రింకు గొట్టాలను నిలువునా చీలిస్తే పెంకులయ్యేవి. ఐదో తరగతితో ఆగినదాన్ని నేను, అక్కడ ఊడ్చే పనికి చేరాను. కిందపడిన ముక్కల్ని పారేయకుండా సైజుల వారీగా సర్దిపెట్టడం చూసి, ఖాళీ దొరికినప్పుడల్లా నాకు కోయడం నేర్పాడు.

ఒకసారి పుంగనూరు నుంచి కొందరు వచ్చారు. అక్కడి పెంకుల బడిని పడగొట్టేశారట. పాత విద్యార్థులంతా కలిసి దాని నమూనా చేయించి కొత్త బడిలో పెట్టాలనుకున్నారు. చేతిలో ఉన్నది ఒకే ఫోటో. అందులో అయ్యవార్లూ పిల్లలూ వరసగా నిలబడి ఉండడంతో అరుగు కనపడదు, మెట్లు కనపడవు. గంగులప్పన్న కాదనబోతుంటే నేను చీపురు పట్టుకునే మధ్యలో దూరాను.

"నాకు తెలుసన్నా, నేను చదివిన బడే. మెట్లు ఐదు. ఎడమపక్క కిటికీకి మూడో ఊచ లేదు. అరుగు నా గడ్డం దాకా వస్తాది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే నువ్వే కట్టు రాజమ్మా. సరిగ్గా వచ్చిందంటే చీపురు ఇడిసిపెట్టి ఈ బల్లకాడ కూచుందువు."

వారం రోజులు తల ఎత్తకుండా కట్టాను. అయ్యాక ఆయన వచ్చి చూసి, ఒక ప్లాస్టిక్ ముక్కను అదే కొలతకు అయ్యవారి బొమ్మగా కోసి, అరుగు ముందర నిలబెట్టాడు. అరుగు ఆ బొమ్మ రొమ్ముదాకా వచ్చింది.

"ఈ అయ్యవారు బడిలోకి నిచ్చెనేసుకోని పోతాడా ఏందమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. చీపురు కోసం వెతుక్కున్నాను. "నా గడ్డం దాకా వచ్చేదన్నా, ఒట్టు. పలక దాని మీద పెట్టి, గడ్డం ఆనించి రాసేదాన్ని."

"అప్పుడు నువ్వెంతుండావు?"

ఇప్పటి నా గడ్డం ఎత్తునే కొలుచుకున్నాను కానీ, ఆ అరుగు మీద రాసినప్పుడు నేను ఒకటో తరగతి పిల్లనని తట్టనేలేదు.

"యాల ఏడుస్తావు? నీ గ్యాపకం తప్పు కాదు. కొలిసిన మనిసి మారింది, అంతే. పో, మీ పాపను పిల్చుకోని రా."

మా అమ్మాయి అప్పుడు ఒకటో తరగతే. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టి, గడ్డం కింద సుద్దతో గీత గీశాడు. కొలిస్తే సరిగ్గా మూడడుగులు. కానీ మందుతో అతికిన ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు, కోయాల్సిందే. చిన్న రంపం నా చేతికే ఇచ్చాడు.

"నువ్వే కొయ్యి అన్నా, పగిలిపోతే?"

"పగిల్తే మళ్ళీ కడతావు. చేతులుండాయి కదా."

అరుగును అంగుళంన్నరకు కోసి మళ్ళీ అతికించాను. ఆదివారం పుంగనూరువాళ్ళొచ్చారు. అందులో తల నెరిసిన ఒకావిడ వంగి, అరుగు అంచును వేలితో తడిమింది. "ఈడే, ఈడే నేను పడి పన్ను ఇరగ్గొట్టుకునింది!" అని పకపకా నవ్వింది. గంగులప్పన్న బల్లకాడికి ఒక కుర్చీ లాగి, "కట్టింది ఈమే. కూచో రాజమ్మా," అన్నాడు. ఆ కుర్చీలో పద్దెనిమిదేళ్ళు కూర్చున్నాను. నా పిల్లను చదివించాను.

గంగులప్పన్న ఇప్పుడు లేడు. నా మనవరాలు బడి నుంచి వచ్చి, "అమ్మమ్మా, మా బడికి బర్రెంత కుక్క వచ్చింది!" అంటుంది. అబద్ధాలాడొద్దని వాళ్ళమ్మ కసురుతుంది. నేను మాత్రం మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా నేలమీద కూర్చుంటాను. నా తల మనవరాలి తలకు సమానంగా వచ్చాక అడుగుతాను.

"యాడిదాకా వచ్చిందమ్మా ఆ కుక్క? నీ భుజం దాకానా?"